మూడో ఆల్బమ్ మొక్కు

"రెండు విజిళ్ళకి కందిపప్పు ఉడకదురా. ఆ సంగతి నీకు తెలీకపోవచ్చు, పప్పుకి తెలుసు," అంది మహాలక్ష్మమ్మ, కుక్కరు పిడి మీంచి చెయ్యి తియ్యకుండా.

"మూడోది పదకొండు దాటాకొస్తాది. పదకొండుకి మేం రికార్డింగు మొదలెడతాం. ఇదంతా మొన్ననే మాటాడుకున్నాం కదమ్మా," అన్నాడు ఫణిభూషణ్.

"మొన్న మాటాడుకున్నది పెసరపప్పు గురించి."

ఈ తగువు అప్పటికి అరగంటగా నడుస్తోంది. నీళ్ళ మోటారు దగ్గర మొదలై, మిక్సీ మీదుగా, ఇంటిపెద్ద శ్యామసుందరరావు దగ్గు మీదుగా వచ్చి కుక్కరు దగ్గర ఆగింది. ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం ప్రకారం ఆదివారం పదకొండు నుంచి రెండు దాకా ఆ ఇంట్లో మోటారు వెయ్యకూడదు, మిక్సీ తిప్పకూడదు, టీవీ పెట్టకూడదు, తుమ్ము వస్తే పెరట్లోకి వెళ్ళాలి. దగ్గు గురించిన నియమం ఇంకా చర్చలో ఉంది.

"నేనెవరి తరఫూ కాదు. రెండింటికి అన్నం పెడితే చాలు," అంది ప్రమోద, బల్ల మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ. ఆమె ఫణిభూషణ్ భార్య, ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. తప్పు లెక్క కనిపిస్తే ఊరుకోలేని మనిషి, ఇంట్లో మాత్రం ఊరుకోవడం నేర్చుకుంది.

హాల్లో వాలుకుర్చీలోంచి శ్యామసుందరరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన ముప్పై నాలుగేళ్ళు బరంపురం స్టేషన్లో మైకు ముందు కూర్చుని బళ్ళ రాకపోకలు చదివి రిటైరైన మనిషి. "దయచేసి వినండి. మూడో ఆల్బమ్ ఆరు సంవత్సరాలు ఆలస్యంగా నడుచుచున్నది. అసౌకర్యానికి చింతిస్తున్నాము," అన్నాడు అదే గొంతుతో.

"నాన్నా!"

"ఒరియాలో కూడా సెప్పమంటావేటి?"

మహాలక్ష్మమ్మ మసిగుడ్డతో కుక్కరు దింపి, ఆవిరి పోనిచ్చి, పప్పుని మామూలు గిన్నెలోకి వంచి, మూత పెట్టి సన్నని సెగ మీద పెట్టింది. అలా ఉడకాలంటే ఇంకో గంట పడుతుంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి హాల్లోకి వచ్చి తన మడత మంచం మీద కూర్చుంది. ఆ మంచానికి ఎదురుగా ఉన్న తలుపు వెనకే ఆమె గది ఉంది. ఆరేళ్ళుగా ఆమె ఆ గదిలో పడుకోలేదు.

*

ఫణిభూషణ్‌కి నలభై రెండేళ్ళు. పగలు ఇన్సూరెన్సు ఆఫీసులో సీనియర్ గుమస్తా. మిగిలిన వేళల్లో 'ఉప్పు కొఠారు' అనే రాక్ బ్యాండుకి గిటారు, గాత్రం, సిద్ధాంతం. గంజాం దగ్గర పాడుబడ్డ ఉప్పు గోదాములో మొదట సాధన చేశారు కాబట్టి ఆ పేరు వచ్చింది. డ్రమ్ములు వాయించేది ఈశ్వర్. చికిటిలో విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతాడు. ఫణి చెల్లెలు అరుణ మొగుడు కూడా అతనే. అందుకని బ్యాండుని తిట్టాలనుకున్నప్పుడల్లా శ్యామసుందరరావు డ్రమ్ముల్ని వదిలేసి మిగతాది తిట్టేవాడు. అల్లుణ్ణి అనలేడు కదా. బేస్ గిటారు మసేనుది. పొడంపేట బెస్తవారి కుర్రాడిగా వచ్చి చేరినవాడు, ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళవాడయ్యాడు, ఐసు ఫ్యాక్టరీలో పని. ముగ్గురిలోనూ తక్కువ మాట్లాడేది అతనే, నిజంగా వాయించడం వచ్చినదీ అతనికే.

వాళ్ళ రికార్డింగు చరిత్ర చిన్నదే గాని చెప్పుకోదగ్గది.

మొదటి ఆల్బమ్ పదిహేనేళ్ళ కిందట, ఊళ్ళో పైడన్న అనే ఆయన నడిపే భక్తిగీతాల స్టూడియోలో, రెండు భజన బృందాల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా చేశారు. పైడన్న అప్పుడే సత్యనారాయణ వ్రతకథ కూడా సీడీ వేయిస్తున్నాడు. రెండూ ఒకే రోజు తయారై వచ్చాయి. డబ్బాల్లో పెట్టేటప్పుడు వ్రతకథ డబ్బాల్లోకి వీళ్ళ పాటలు, వీళ్ళ డబ్బాల్లోకి వ్రతకథ వెళ్ళిపోయాయి. ఊళ్ళో కొన్ని ఇళ్ళలో పీట మీద కలశం పెట్టి, దంపతులు చేతులు జోడించి కూర్చుంటే, ప్రథమాధ్యాయం రావలసిన చోట ఈశ్వర్ డ్రమ్ములు వచ్చాయి. వ్రతం మధ్యలో లేచిపోతే ఏమవుతుందో కథలోనే ఉంది కనక ఎవరూ లేవలేదు. 'ట్రాన్స్‌ఫార్మర్ మీద కాకి' అనే పదకొండు నిమిషాల పాటతో సహా చివరిదాకా విని, ప్రసాదం తిని లేచారు.

రెండో ఆల్బమ్ చికిటిలో, ఈశ్వర్ వాళ్ళ రైసుమిల్లు గోదాములో. మిల్లు ఆడుతుంటే రికార్డు చెయ్యలేరు. మిల్లు ఆగేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే రికార్డరు ఆడదు. ఈ ముడి విప్పడానికి ఏడాదిన్నర పట్టింది. ఊక గొంతులోకి పోయి ముగ్గురూ దగ్గుతూనే పాడారు. దానికి 'ఊక' అనే పేరు పెట్టారు. అమ్ముడుపోని కాపీల్ని అరుణ శ్రావణమాసంలో పేరంటాళ్ళకి తాంబూలంలో పెట్టి ఇచ్చింది. జాకెట్టు గుడ్డ బాగుందని అందరూ చెప్పారు.

మూడోదానికి వచ్చేసరికి ఫణికి నియమాలు ఏర్పడ్డాయి. పాటని ముక్కలుగా రికార్డు చేసి అతకడం మోసం. ముగ్గురూ ఒక్కసారే, మొదటి నుంచి చివరి దాకా వాయించాలి. బయటి శబ్దం ఒక్కటి పడినా ఆ టేకు పోయినట్టే. అందుకు మందమైన గోడల గది కావాలి. ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది, అమ్మ గది.

"రెండు నెలలమ్మా," అన్నాడు అప్పుడు.

మహాలక్ష్మమ్మ టేకు మంచం నిలబెట్టి కిటికీకి అడ్డం పెట్టారు. పరుపు తలుపుకి కొట్టారు. నాలుగు గోడలకీ, ఇంట్లో ఉన్న పన్నెండు బొంతలూ మేకులతో వేలాడదీశారు. అవి మహాలక్ష్మమ్మ వాళ్ళమ్మ చీరలూ, అత్తగారి చీరలూ, తన పెళ్ళినాటి చీరా కలిపి చేత్తో కుట్టుకున్నవి. ఆ గదికి ఆనుకునే స్నానాలగది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో పెరట్లో ఉన్నదానికి నడిచి వెళ్తుంది.

మొక్కు అప్పటిది. ఆ ఏడు ఊరి అమ్మవారు ఠాకురాణి జాతరకి ఆమె, ఆ తల్లి పుట్టిల్లని చెప్పే దేశీబెహరా వీధికి వెళ్ళి, పుట్టింటికి వచ్చి కూర్చున్న అమ్మవారి ఎదుట నిలబడి అందరూ వినేటట్టే అనుకుంది. "తల్లీ, మావాడి పాటలు పూర్తయి నా గది నాకు దక్కితే, వాడి చేత పులివేషం కట్టించి నీ ముందు ఆడిస్తాను." బరంపురంలో అది వింత కాదు. పిల్లాడి జ్వరం తగ్గితే ఒకరు, కోర్టు కేసు గెలిస్తే ఒకరు, రెండేళ్ళకోసారి వచ్చే ఆ జాతరలో వేషం కడతారు. కోరిక తీరాకే వేషం, తీరకుండా ఎవరూ కట్టరు.

ఫణి రెండు జాతరలు తప్పించుకున్నాడు. "పూర్తయినప్పుడు కదమ్మా మొక్కు!" అనేవాడు. అది నిజమే కాబట్టి ఆమె మళ్ళీ మడత మంచం పరుచుకునేది. ఇది మూడో జాతర. ఇంకో మూడు వారాల్లో అమ్మవారు పుట్టింటికి వస్తుంది. వచ్చిందంటే నెల్లాళ్ళు వీధి వీధినా డప్పులే, రికార్డింగు మాటే ఉండదు. ఈ జాతర దాటితే మళ్ళీ రెండేళ్ళు. మహాలక్ష్మమ్మకి అరవై ఎనిమిది నడుస్తున్నాయి.

"ఠాకురాణికి కూడా రెండేళ్ళకోసారి పుట్టింట్లో గది ఇస్తారు. నాకు నా ఇంట్లోనే లేదు," అంది ఒకసారి ప్రమోదతో.

"అడగండత్తయ్యా గట్టిగా."

"గట్టిగా అడిగితే టేకు పోతాదంటాడు."

*

ఆ ఆదివారం ఏడో పాట. అదే చివరిది. పదకొండుకి పరుపు తలుపు మూసుకుంది. మహాలక్ష్మమ్మ మడత మంచం మీద కూర్చుని వింటోంది. ఎంత మందం గోడైనా, ఎన్ని బొంతలు కొట్టినా, ఆరేళ్ళు తలుపవతల పడుకున్న మనిషికి ఆ పాటలన్నీ వచ్చు. ఎక్కడ ఈశ్వర్ తొందరపడతాడో, ఎక్కడ తన కొడుకు గొంతు భయపడుతుందో ఆమెకి తెలుసు. సాధారణంగా ఆరో నిమిషంలో భయపడుతుంది.

ఆ రోజు భయపడలేదు. మసేను వాయిద్యం పొడంపేట ఒడ్డున అల వెనక్కి పోయినట్టు పోయి, మళ్ళీ వచ్చింది. ఈశ్వర్ తొందరపడలేదు. ఫణి పాట చివర 'ఇంటికెళ్ళే దారి ఇంట్లోనే తప్పిపోయింది' అనే చరణం కేక వెయ్యకుండా, మామూలు మనిషి మాట్లాడినట్టు పాడాడు. శ్యామసుందరరావు కూడా పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. దగ్గు వస్తే నోట్లో కండువా కుక్కుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ముగ్గురూ చెమటలు కారుతూ బయటికొచ్చారు.

"పోయింది," అన్నాడు ఫణి.

"ఏటి పోయింది? బావుంది గదన్నా!" అన్నాడు మసేను.

"ఆఖర్లో కొత్తిమీర."

నిజమే. పాట ముగిసే వేళకి వీధిలో సైకిలు మీద కూరలవాడు కొత్తిమీర అమ్ముతూ "ధొనియా పత్రో" అని అరుచుకుంటూ పోయాడు. అతను ప్రతి ఆదివారం ఆ వేళకే పోతాడు.

"బావా, అది యినబడీ యినబడనట్టుంది. సూడు, మళ్ళీ యిను," అన్నాడు ఈశ్వర్.

"నాకు వినబడింది. జాతరయ్యాక మళ్ళీ చేద్దాం."

"మూడేళ్ళ కింద నాలుగో పాటకి పిల్లి అన్నావు. పోయినేడు ఆరో పాటకి నీ ఊపిరే గట్టిగా తీసావన్నావు. ఏటన్నా నీ బాధ?" అన్నాడు మసేను. ఆరేళ్ళలో అతను మాట్లాడిన పొడవైన మాట అదే. ఫణి గిటారు తీగలు వదులు చేస్తూ కూర్చున్నాడు.

మహాలక్ష్మమ్మ ఎవరి మొహమూ చూడకుండా పప్పు దింపడానికి లేచింది. పప్పు ఉడికింది.

*

జాతర మొదలైన వారానికి బెంగుళూరు నుంచి నీలకంఠం అనే అతను వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, పిలక ముడి, ఎండలో కూడా నల్లచొక్కా. ఎవరికీ తెలియని బ్యాండుల గురించి ఇంటర్నెట్టు పత్రికలో రాస్తాడు. అందరికీ తెలిసిపోయిన వెంటనే రాయడం మానేస్తాడట.

"మా తాతగారిది ఇచ్ఛాపురమే అండీ," అని మహాలక్ష్మమ్మ కాళ్ళకి దండం పెట్టాడు. తరవాత గది చూపించమన్నాడు. గుమ్మంలో నిలబడి పన్నెండు బొంతలకేసీ చూసి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది స్టూడియో కాదు. ఇది ఒక గర్భాలయం," అన్నాడు.

"నా పడగ్గది బాబూ," అంది మహాలక్ష్మమ్మ.

"వావ్," అని ఆ మాట కూడా రాసుకున్నాడు.

టీ తాగుతూ సంచిలోంచి భద్రంగా ఒక సీడీ డబ్బా తీశాడు. ఉప్పు కొఠారు మొదటి ఆల్బమ్. విశాఖపట్నంలో పాత సామాన్ల దుకాణంలో దొరికిందట. "ఫణిగారూ, నేను ఎన్నో విన్నాను గానీ ఇలాంటిది వినలేదు. ఒక రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్‌లో గిటారు ఉండదు, డ్రమ్ములు ఉండవు. నలభై రెండు నిమిషాలు ఒక పంతులుగారు కథ చెబుతారు, అంతే. మధ్యమధ్యలో ఒక శంఖం. ఎంత సాహసం! ఎంత ధిక్కారం! దానిమీద నేను మూడు వ్యాసాలు రాశాను."

హాలంతా నిశ్శబ్దమైంది. ఆదివారాలు కూడా అంత నిశ్శబ్దం ఉండేది కాదు. ప్రమోద చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. శ్యామసుందరరావు ఏదో ప్రకటించబోయి భార్య చూపు చూసి ఆగాడు.

"ఆ పంతులుగారెవరండీ?" అని అడిగాడు నీలకంఠం.

"దాని గురించి మాట్లాడకూడదని మా నియమం," అన్నాడు ఫణి.

అతని మొహంకేసి మహాలక్ష్మమ్మ చాలాసేపు చూసింది. చిన్నప్పుడు పక్కవాడి పరీక్ష పేపరు పొరపాటున తన పేరు మీద వచ్చి ఫస్టు మార్కు పడినప్పుడు అదే మొహం పెట్టాడు. ఆ తరవాత రెండు నెలలు స్కూలుకి వెళ్ళనని ఏడిచాడు. కుక్కరు వల్లా కాదు, పిల్లి వల్లా కాదు, కొత్తిమీర వల్ల అంతకన్నా కాదు, నిజంగా తనదైనది బయటపడితే ఎవరేమంటారోనన్న భయం వల్లే ఆల్బమ్ ఆగింది అని ఆమెకి అప్పుడు తట్టింది.

నీలకంఠం మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. "మూడో ఆల్బమ్ ఎప్పుడొచ్చినా సరే, అట్ట మీద బొమ్మ నేను తీస్తాను. వస్తూ వీధిలో పులివేషాలు చూశాను. మీరు పులివేషంలో, చేతిలో గిటారుతో! ఆలోచించండి."

ఫణి కొంచెం తేరుకున్నాడు. "బావుంటుంది. మన సంగీతంలో ఉన్న ఆ... మృగత్వం."

"మేడమీద తెల్ల దుప్పటి కట్టి తీసేద్దాం," అన్నాడు నీలకంఠం.

మహాలక్ష్మమ్మ ఖాళీ కప్పులు పళ్ళెంలో పెట్టుకుంటూ అంది, "దుప్పటి ముందు పులికి ఏటి కళ బాబూ? దేశీబెహరా వీధిలో, ఠాకురాణి ముందర, జనంలో తీస్తే గదా!"

"బ్రిలియంట్ అమ్మా!"

ఫణి తల్లికేసి అనుమానంగా చూశాడు. "అమ్మా, ఇది మొక్కు కాదు. ఫోటో. తెలుసు కదా?"

"తెలీకేటి," అంది ఆవిడ. "మామూలు ఫోటో."

వంటింట్లో ప్రమోద చేతిలోంచి గరిటె జారింది.

*

పులిని తయారుచెయ్యడానికి నాలుగు గంటలు పట్టింది. వేషాలు కట్టే అతను ఫణి పొట్టకేసి చూసి, "బాగా తిన్న పులి," అని ఒరియాలో గొణిగి, పసుపు రంగు నుదుటి నుంచి మడమల దాకా పూసి, నల్లచారలు గీసి, మొహాన పులి మూతి కట్టి, వెనక ఇనపతీగ తోక బిగించాడు. పెదవులు కదపకూడదన్నాడు, రంగు పగులుతుందట. సాయంత్రం నాలుగున్నరకి పులి గిటారు మెడలో వేసుకుని వీధిలోకి వచ్చింది. పక్కన ఈశ్వర్, మసేను మామూలు చొక్కాల్లో ఉన్నారు. ముందు నీలకంఠం కెమెరాతో వెనక్కి నడుస్తున్నాడు.

జనం ఒత్తిడిలో డప్పులవాళ్ళు పులిని చూశారు. పులి కనబడితే వాయించడం వాళ్ళ పని, ఫోటో పులి వేరు, మొక్కు పులి వేరు అని వాళ్ళకెవరూ చెప్పలేదు. అయిదుగురు చుట్టూ చేరి దరువు అందుకున్నారు. దరువు పడితే పులి ఆడాలి, లేకపోతే అమ్మవారికి అపచారం. తమ సంగీతానికి ఎవరూ కాలు కదపకూడదని ఇరవై ఏళ్ళుగా వాదించిన ఫణిభూషణ్, నీలకంఠం "ఒక్క నిమిషం, కదలకండి!" అని అరుస్తుండగా, ముందు ఒక కాలు, తరవాత రెండోది కదిపాడు. ఈశ్వర్ కాసేపు ఓర్చుకున్నాడు. ఆ తరవాత ఒకతని మెడలోంచి డప్పు లాక్కుని తన మెడలో వేసుకున్నాడు. మసేను ఈల వేశాడు.

ఆడవాళ్ళు బిందెలతో వచ్చి పులి కాళ్ళ మీద నీళ్ళు పోశారు. ఒకావిడ మందారమాల వేసింది. అలా ఆడుతూ ఆడుతూ అమ్మవారు కూర్చున్న చోటికి వచ్చేసరికి, అక్కడ పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ ఉన్న పళ్ళెంతో మహాలక్ష్మమ్మ నిలబడి ఉంది. పక్కన ప్రమోద, అరుణ.

కొబ్బరికాయ ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది. పూజారి పులి నుదుట బొట్టు పెట్టాడు.

"కోరిక తీరిందా అమ్మా?" అని అడిగాడు ఒరియాలో.

"తీరినట్టే," అంది మహాలక్ష్మమ్మ తెలుగులో.

ఫణి ఏదో అన్నాడు. మూతి వెనకనుంచి, డప్పుల మధ్య అది ఎవరికీ వినబడలేదు. ఎదురింటి కాసమ్మ మాత్రం జనాన్ని తోసుకుని వచ్చింది.

"ఏటి ఫణీ, పాటలన్నీ అయిపోనాయా! ఆరేళ్ళనాడు మీ యమ్మ మొక్కుకున్నప్పుడు నానూ పక్కనే ఉన్నాను. పోన్లే, సల్లని తల్లి దయ. ఇంక మా యీధిలో ఆదారాలు మిక్సీ ఏసుకోవచ్చా?"

"ఫోటో కోసం..." అన్నాడు పులి.

"ఆఁ ఆఁ, ఫోటో తీయించుకో, జ్ఞాపకం ఉంటాది," అంది కాసమ్మ.

బరంపురంలో వేషం కట్టినవాణ్ణి ఎందుకు కట్టావని ఎవరూ అడగరు, ఏం మంచి జరిగిందని అడుగుతారు. ఆ సాయంత్రానికి వాళ్ళుండే లంజిపల్లి పేటంతా ఉప్పు కొఠారు మూడో ఆల్బమ్ పూర్తయిందని తెలిసిపోయింది. చికిటి నుంచి ఈశ్వర్‌కి ఫోను చేసిన రైతు ఒకడు విత్తనాల సంగతి అడిగేముందు శుభాకాంక్షలు చెప్పాడు. ఇన్సూరెన్సు ఆఫీసు మేనేజరు ఫోను చేసి స్వీట్లు అడిగాడు. నీలకంఠం తన పత్రికలో, ఆల్బమ్ పూర్తయిన సంగతిని పత్రికా ప్రకటనతో కాక ఒళ్ళంతా రంగుతో చెప్పిన మొదటి కళాకారుడు అని రాసి, బండెక్కి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం అందరూ హాల్లో భోజనాలకి కూర్చున్నారు. జాతర కోసం అరుణ, ఈశ్వర్ ఆగిపోయారు. మసేను కూడా ఉన్నాడు. మడత మంచం మడిచి గోడకి ఆనించారు. ఫణి చెవుల వెనక పసుపు ఇంకా పోలేదు. వీధిలో డప్పులు మోగుతున్నాయి. వంటింట్లో కుక్కరు ఆ పూట ఐదుసార్లు కూసింది, ఎవరూ ఏమీ అనలేదు.

"జాతర అయ్యాక ఏడో పాట మళ్ళీ మొదలెడదాం," అన్నాడు ఫణి కంచంలోకి చూస్తూ.

ఈశ్వర్, మసేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మొక్కు తీరిపోయింది కదరా," అంది మహాలక్ష్మమ్మ, పులుసు వడ్డిస్తూ.

"అది ఫోటోకని సెప్పాను కదమ్మా!"

"నువ్వు నాకు సెప్పావు. ఠాకురాణికి ఎవరు సెప్పారు? కాయ కొట్టాను, పుచ్చుకుంది. బొట్టు పెట్టించింది, పెట్టించుకున్నావు. ఆడమంది, ఆడావు. పాటలు పూర్తవకుండానే ఆడానంటే ఆ తల్లితో అబద్ధం ఆడినట్టే. ఈవేళ సాయంత్రం ఎల్లి ఆ మాట నువ్వే ఆవిడతో సెప్పొస్తావా?"

ఫణి చెల్లెలికేసి చూశాడు. అరుణ మజ్జిగ గ్లాసు తీసుకుంది. భార్యకేసి చూశాడు.

"లెక్క సరిపోయిందండీ," అంది ప్రమోద. "జవాబు ముందొచ్చింది, అంతే."

"ఆ తల్లి ఊరుకున్నా కాసమ్మ ఊరుకోదు," అన్నాడు మసేను.

శ్యామసుందరరావు ముద్ద కంచంలో పెట్టి గొంతు సవరించుకున్నాడు. "దయచేసి వినండి. ఆరు సంవత్సరాలు ఆలస్యంగా నడుస్తున్న..."

"మీరూరుకోండి," అంది మహాలక్ష్మమ్మ. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"కొత్తిమీర ఉందమ్మా అందులో," అన్నాడు ఫణి నెమ్మదిగా. అది వాదన కాదు, ఆఖరి ఆశ లాంటిది.

ఆమె పులుసు గిన్నె కింద పెట్టి, గోడ పట్టుకుని కొడుకు ఎదురుగా పీట మీద కూర్చుంది. ఆ మోకాళ్ళతో కూర్చోడానికి కొంచెం సేపు పట్టింది. అంతసేపూ ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"ఉండనీ. మన వీధిలో పాడితే మన వీధి కొత్తిమీరే పడతాది. ఆరేళ్ళు ఆ తలుపవతల పడుకుని అన్నీ విన్నాను నాయనా. నాలుగో పాట పిల్లి రోజుదే బావుంది. ఆరోది నువ్వు ఊపిరి తీసిన రోజుది. ఏడోది మొన్నటిది. మీ నాన్న దగ్గొస్తే కండువా నోట్లో కుక్కుకుని విన్నారు, అడుగు. అంతకన్నా బాగా నువ్వు వాయించలేవు."

"ఎవరికైనా నచ్చకపోతే?"

"నచ్చదు అంటారు. ఈసారి పంతులుగారిని కాదు, నిన్నే అంటారు. అననీ."

ఫణి చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలపవలసినంత అన్నం కంచంలో లేదు. వీధిలో డప్పులు ఒక మలుపు తిరిగి దూరమయ్యాయి. ఈశ్వర్ వేళ్ళు అతనికి తెలియకుండానే పీట అంచు మీద ఆ దరువు వేస్తున్నాయి.

మహాలక్ష్మమ్మ గొంతు పెంచలేదు. అందరి కంచాలకేసీ ఒకసారి చూసి, ఎవరికేం కావాలో కనుక్కుంటున్నట్టే చెప్పింది.

"నేను మొక్కుకున్నది రెండు. పాటలు పూర్తవాలని, గది దక్కాలని. ఒకటి అయింది. రెండోది ఠాకురాణి పుట్టింటి నుంచి ఎల్లేలోగా అవ్వాలి. రేపు పొద్దున్న బొంతలు దింపి మేడమీద ఎండేస్తాను. ఈశ్వర్ బాబూ, మసేనూ, మీరిద్దరూ తిన్నాక కిటికీ దగ్గర్నుంచి నా మంచం దించండి. ఈ రాత్రి అరుణా నేనూ ఆ గదిలో పడుకుంటాం."